ఇంటి మూలనున్న సైకిల్‌ను తుప్పుకు వదలకండి

పాలక్యాన్లను, ఎరువుల బస్తాలను మోసి, పిల్లలను బడికి చేర్చిన పాత సైకిళ్ళు కల్వకుర్తి పరిసరాల్లో ఎన్నో కుటుంబాలకు ఆసరాగా నిలిచాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్, 1956లో లూథియానాలో మొదలైన హీరో వంటి కంపెనీలు తయారుచేసిన ఆ సైకిళ్ళ చట్రాలు గట్టి ఉక్కు గొట్టాలతో కూడినవి. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతబడింది. కర్మాగారాలు మూతబడినా, మన ఇంట్లోని చట్రానికి ఇంకా ఆయుష్షు ఉంది. దానిని హరించేది తుప్పు మాత్రమే.

ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఈ మూడూ కలిస్తేనే తుప్పు పుడుతుంది. ఉప్పు తోడైతే దాని వేగం పెరుగుతుంది. చెమటలోనూ ఉప్పు ఉంటుంది. రసాయన ఎరువుల పొడి సైతం గాలిలోని తేమను పీల్చుకొని ఉక్కును తినివేస్తుంది. కనుక బస్తా మోసిన రోజున సైకిల్‌ను నీటితో కడిగి, పొడిగుడ్డతో తుడవడం తప్పనిసరి. చక్రాల వద్ద పేరుకున్న ఎర్రచెలక మట్టిని కూడా తొలగించాలి. తడి మట్టి తేమను రోజుల తరబడి పట్టి ఉంచుతుంది.

మనకు కనిపించే తుప్పు కంటే కనిపించని తుప్పే ప్రమాదకరం. సీటు కడ్డీ దిగే సందులోంచి వాననీరు గొట్టంలోకి జారి, పెడళ్ళ ఇరుసు ఉండే చోట నిలుస్తుంది. అందుచేత చట్రం పైకి నిగనిగలాడుతూనే లోపల పలచబడవచ్చు. ఏడాదికొకసారి సీటును పైకి తీసి, సైకిల్‌ను తలక్రిందులుగా నిలబెట్టి, నీరు కారుతుందేమో చూడాలి. గొట్టాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టినప్పుడు శబ్దం ఒకచోట మందంగా మారినా, మొన గుచ్చితే దిగబడినా ఆ చట్రాన్ని నమ్మరాదు. గొట్టాల అతుకుల వద్ద గాని, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వద్ద గాని పగులు ఉంటే దానిపై రంగు పూయడం మనల్ని మనం మోసగించుకోవడమే. ఆ సైకిల్‌పై కూర్చునేది మన బిడ్డే కావచ్చు.

చట్రం గట్టిగా ఉందని తేలితే పని ఇంట్లోనే చేసుకోవచ్చు. ముందుగా సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. తీగల బ్రష్షుతో పెచ్చులను రాల్చి, ఎమరీ పేపరుతో ఉక్కు మెరిసే దాకా రుద్దాలి. తుప్పు చుట్టూ లేచిన రంగును కూడా గీకివేయాలి. ఆపై కిరోసిన్ గుడ్డతో జిడ్డు తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. నగ్నంగా ఉన్న ఉక్కు తేమకు త్వరలోనే మళ్ళీ తుప్పు పడుతుంది గనుక, అదే రోజు నీడలో రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ పూయాలి. అది ఆరిన తరువాత ఎనామెల్ రంగును పలుచగా రెండుసార్లు వేయాలి. దళసరిగా ఒకేసారి వేసిన రంగు ముడతలు పడుతుంది.

గొట్టాల లోపలికి ఉడికించిన అవిసె నూనె మేలు. కొబ్బరినూనె, ఆముదం జిడ్డుగానే మిగిలిపోతాయి. అవిసె నూనె మాత్రం ఆరి గట్టి పొరగా మారుతుంది. కాస్త నూనె పోసి, చట్రాన్ని అన్ని వైపులా తిప్పి, మిగిలినది కార్చివేయాలి. ఒక హెచ్చరిక: ఈ నూనెతో తడిసిన గుడ్డలను ఉండచుట్టి పడవేస్తే వాటంతటవే వేడెక్కి మండగలవు. వాటిని ఆరుబయట విడివిడిగా పరచి ఆరనివ్వాలి. చివరిగా సీటు కడ్డీకి గ్రీజు రాసి బిగించాలి. లేనిపక్షంలో అది తుప్పుతో గొట్టానికి అతుక్కుపోయి ఊడిరాదు.

మిరుగు రాకముందే ఈ పని ముగిస్తే మంచిది. వానలు మొదలైతే రంగు సరిగా ఆరదు, తుప్పు మాత్రం ఆగదు. చిన్న డబ్బా రంగు, ఒక పూట శ్రమ మనల్ని పెద్ద ఖర్చు నుండి కాపాడగలవు. వస్తువును కాపాడుకోవడం లోభం కాదు, దుబారాకు దూరంగా ఉండటం. పిల్లలను కూడా ఈ పనిలో కూర్చోబెట్టుకుందాం. తమ చేతులతో బాగుచేసిన సైకిల్‌ను వారు వానలో వదిలిరారు.