వాళ్ళ ఫీడు, మన గోడు

ఈసారి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీ పక్క అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళ పేరేమిటి? తెలియదా? పోనీ, మీరు రోజూ ఫోనులో చూసే, ఎన్నడూ కలవని ఎవరో ఒకరి పిల్లలు ఏ క్లాసు చదువుతున్నారు? ఇది మాత్రం ఠక్కున చెప్పేశారు కదూ! సిగ్గుపడకండి, నేనూ మీ బాపతే.

క్రితం శీతాకాలం ఒక క్లయింటు పని మీద చికాగో శివార్లలో నాలుగు నెలలున్నాను. ఒక గది, ఒక మైక్రోవేవు, కిటికీలోంచి చూస్తే పార్కింగ్ లాటు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫీసులో పగలంతా మీటింగుల్లో మాట్లాడినా, గదికొచ్చాక నోరు విప్పే పని ఉండేది కాదు. శుక్రవారం సాయంత్రం కిరాణా కొట్లో "థాంక్యూ" అన్నాక, మళ్ళీ సోమవారం పొద్దున "గుడ్ మార్నింగ్" అనేదాకా మౌనవ్రతమే.

అలాంటి ఒక రాత్రి, వీడియోలు పెట్టుకునే ఒక యాప్‌లో ఒక తెలుగు కుటుంబం కనబడింది. నా గదికి అరగంట దూరంలోనే వాళ్ళ ఇల్లు. భార్యాభర్తలు, ఏడేళ్ళ పాప. బయట మంచు కురుస్తుంటే గరాజ్‌లో ముగ్గు వేసే ఆవిడ, ఆదివారం పొద్దున్నే దోసెలు పోసే ఆయన, కూచిపూడి అడుగులు నేర్చుకునే పాప. మొదట ఒక్క వీడియో చూశాను. వారం తిరిగేసరికి మూడేళ్ళ వెనక్కి వెళ్ళి వాళ్ళ గృహప్రవేశం కూడా చూసేశాను. ఆ పాప ముందుపన్ను ఏ రోజు ఊడిందో నాకు తెలుసు. వాళ్ళ వంటింటి అలమరలో ఏ డబ్బాలో ఏముందో తెలుసు. నేనొకణ్ణి ఉన్నానన్న సంగతి మాత్రం వాళ్ళకి తెలియదు.

చూస్తున్నంతసేపూ హాయిగానే ఉండేది. ఫోను పక్కన పెట్టగానే నా గది ఇంకాస్త ఇరుకైనట్టుండేది. దాంతో మళ్ళీ ఫోను!

ఇది కొత్త జబ్బేమీ కాదు

నాకేమైనా పిచ్చా అనుకుని కాస్త చదివాను. లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే ఒక మాట చెప్పాడు. మన స్థితిని కొలవడానికి వేరే కొలబద్ద దొరకనప్పుడు మనం పక్కవాళ్ళతో పోల్చుకుంటామట. అదీ మనలాంటి వాళ్ళతోనే ఎక్కువగా. సినిమా హీరో బంగళా చూస్తే మనకేమీ అనిపించదు. మన వయసువాడు, మన భాషవాడు, మనలాగే మాస్టర్స్ చేసి వచ్చినవాడు ఇల్లు కొంటే మాత్రం నిద్ర పట్టదు. ఎందుకో ఇప్పుడు అర్థమైంది కదా!

1956లో హోర్టన్, వోల్ అనే మరో ఇద్దరు, టీవీలో కనిపించే మనుషులతో ప్రేక్షకులు పెంచుకునే ఒకవైపు స్నేహం గురించి రాశారు. తెర మీది మనిషి సూటిగా మనకేసి చూసి మాట్లాడుతుంటే, మనకి తెలిసినవాడే అనిపిస్తుంది. అప్పుడు ఆ టీవీ హాల్లో ఉండేది. ఇప్పుడు అది దిండు పక్కకి వచ్చింది. అంతే తేడా.

మూడు జల్లెడలు

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి దీన్ని డేటా సమస్యగా చూద్దాం. ఫీడులో మనకి కనిపించేది లోకం కాదు, ఒక శాంపిల్. అది మూడు జల్లెడలు దాటి వస్తుంది.

మొదటి జల్లెడ, ఎవరు పోస్టు చేస్తారు అన్నది. నాలుగు నెలల్లో నేను పెట్టింది ఒక్క ఫొటో. వాళ్ళు రోజుకి రెండు పెట్టేవాళ్ళు. ఒంటరి గదుల్లో ఉన్నవాళ్ళు ఫీడులో కనబడరు, కేవలం చూస్తుంటారు. రెండోది, ఏం పోస్టు చేస్తారు అన్నది. దోసె గుండ్రంగా వస్తేనే వీడియో. మాడితే డిలీట్.

మూడోది మన వృత్తివాళ్ళు రాసిన జల్లెడ. ఫేస్‌బుక్ న్యూస్ ఫీడ్ 2006లో వచ్చింది, లైక్ బటన్ 2009లో. ఇన్‌స్టాగ్రామ్ 2016లో కాలక్రమం వదిలేసి ర్యాంకింగ్‌కి మారింది. స్థూలంగా ఈ పద్ధతి ఎలా ఉంటుందంటే, ముందు కొన్ని పోస్టులు ఏరుతారు. ఒక్కోదాన్ని మీరు లైక్ చేసే అవకాశమెంత, కామెంట్ పెట్టే అవకాశమెంత, ఎంతసేపు చూస్తారు అని మోడల్ అంచనా వేస్తుంది. ఆ అంచనాలకి వెయిట్లు ఇచ్చి, కూడి, సార్ట్ చేస్తారు. చూశాక మీకు సంతోషం కలిగిందా, దిగులు కలిగిందా అన్నది దానికి నేరుగా తెలియదు. రాత్రి ఒంటిగంటకి దిగులుతో చూసినా, అది "ఇతనికి ఇది బాగా నచ్చింది" అనే లెక్క వేసుకుంటుంది.

వీటికి తోడు ఒక గణిత చమత్కారం కూడా ఉంది. స్కాట్ ఫెల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1991లో చూపించింది: సగటున, మన స్నేహితులకి మనకంటే ఎక్కువమంది స్నేహితులుంటారు! ఐదుగురిని తీసుకోండి. ఒకడికి మిగతా నలుగురితోనూ స్నేహం. ఆ నలుగురికీ వాడొక్కడే స్నేహితుడు. ఇప్పుడు ఐదుగురిలో నలుగురు "నాకు ఒక్కడు, నా స్నేహితుడికి నలుగురు" అనుకుని బాధపడతారు. ఎవరి తప్పూ లేదు, గ్రాఫు తీరే అంత. 2011లో 72 కోట్ల ఫేస్‌బుక్ ఖాతాల మీద చేసిన పరిశీలనలో, నూటికి 90 మందికి పైగా వినియోగదారుల పరిస్థితి ఇదేనని తేలింది.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే, మనం వాళ్ళ రిలీజ్ నోట్స్‌ని మన బగ్ లిస్టుతో పోల్చుకుంటున్నాం.

లెక్క తెలిస్తే సరిపోతుందా?

నాకు సరిపోలేదు. ఒక ఆదివారం అరోరా బాలాజీ గుడికి వెళ్ళాను. చెప్పులు విడిచే చోట ఆ కుటుంబమే ఎదురైంది! నేను ఆలోచించకుండా ఆ పాపని ముద్దుపేరుతో పిలిచి, "కొత్త పన్ను వచ్చేసిందా?" అన్నాను. పాప భయపడి తల్లి వెనక్కి వెళ్ళిపోయింది. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీరెవరండీ?" అంది. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. ఏదో గొణిగి బయటపడ్డాను.

ఆ రాత్రి తెనాలికి వీడియో కాల్ చేశాను. అక్కడ పొద్దున్నే. అమ్మ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చుంది.

"పొద్దున్నే ఆ కళ్ళద్దాలేంటమ్మా?"

"కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది కదరా. నీకు రెండుసార్లు చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

అన్నానేమో! ఫోను స్పీకర్లో పెట్టి, ఆవిడ మాట్లాడుతుంటే వీడియోలు చూస్తూ ఊఁ కొట్టే అలవాటు నాకు. ఎవరి పాపకో పన్ను ఊడిన తేదీ తెలిసినవాడికి కన్నతల్లి కంటి ఆపరేషన్ తెలియలేదు. అమ్మ కోప్పడలేదు. "నీకు పని ఎక్కువగా ఉంటుందిలే నాన్నా" అంది. కోప్పడినా బాగుండేది.

నేను చేసిన చిన్న మార్పులు

అకౌంటు తీసేశానని గొప్పలు చెప్పను. ఆ కుటుంబాన్ని మాత్రం అన్‌ఫాలో చేశాను. వాళ్ళ మీద కోపం లేదు, వాళ్ళు నాకేం అన్యాయం చేశారని! ఇన్‌స్టాగ్రామ్‌లో 2022 నుంచి, మనం ఫాలో అయ్యేవాళ్ళ పోస్టులు మాత్రమే కాలక్రమంలో చూసే వీలుంది. అది వాడితే అయిపోయాక "అయిపోయింది" అని తెలుస్తుంది. ఇంటికి ఫోను చేసినప్పుడు స్పీకర్ పెట్టను, చెవికి ఆనించుకుంటాను. చెవి దగ్గరుంటే కళ్ళకి పనుండదు కదా.

ఇంకొకటి. ఫొటో చూసి ఊరుకోకుండా, వారానికి ఒకరికి ఫోను చేస్తున్నాను. మొదట ఎంఎస్ నాటి రూమ్మేటుకి చేశాను. వాడి పేజీ నిండా ఎల్లోస్టోన్ ఫొటోలే. మాట్లాడితే తెలిసింది, రెండు వారాల క్రితం ఉద్యోగం పోయింది, అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి. "ముందే చెప్పలేదేంరా?" అంటే వాడన్నాడు: "నువ్వు చికాగో లైట్ల ఫొటో పెట్టావు కదా. నువ్వొక్కడివే హాయిగా ఉన్నావనుకున్నానురా. పాడుచెయ్యడమెందుకని..."

నాలుగు నెలల్లో నేను పెట్టిన ఆ ఒక్క ఫొటో! అది తీసిన రాత్రి నేను ఒక్కడినే నిలబడి, చలికి వణుకుతూ, సెల్ఫీ అడగడానికి కూడా మనిషి లేక లైట్లని తీశాను. ఆ సంగతి ఫొటోలో లేదు. జల్లెడ పట్టినవాళ్ళలో నేనూ ఒకణ్ణే.

ఆ రోజు ఇద్దరం గంటన్నర మాట్లాడుకున్నాం. వాడి రెజ్యూమె మా టీములో ఇచ్చాను.

అమ్మకి రెండో కంటి ఆపరేషన్ వచ్చే నెల తొమ్మిదో తారీఖున. ఈసారి టికెట్ కొనుక్కున్నాను. వచ్చాక మరో సంగతితో కలుద్దాం. ఈలోగా మీరూ ఎవరికైనా ఫోను చెయ్యండి. ఊఁ కొట్టడానికి కాదు సుమా!