చెమ్మ పోతేనే శుభ్రం

ఏలూరు, కైకలూరు పరిసరాల్లో కొల్లేటిని ఆనుకున్న ఊళ్లలో వానలు మొదలైతే ఇళ్లు నెలల తరబడి చెమ్మ వీడవు. తమ్మిలేరు, బుడమేరు మోసుకొచ్చిన నీరు సరస్సులో చేరి, ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి పోతుంది. ఆ నీరు తీసేదాకా చుట్టూ ఉన్న పల్లపు నేల నానుతూనే ఉంటుంది. బీరువా వెనక నల్లమచ్చలు, తోలుచెప్పుల మీద తెల్లటి బూజు, స్నానాలగదిలో పాకుడు కనబడగానే చాలామంది ఫినాయిల్ సీసా అందుకుంటారు. రసాయనాలు వద్దనుకునేవారు వెనిగర్, వంటసోడా, నిమ్మతొక్కల నీళ్లు వాడతారు. ఇద్దరూ వెతుకుతున్నది బూజును చంపే ద్రవం కోసమే. దాన్ని పెంచుతున్న నీటి సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు. చెమ్మ ఇంటికి పర్యావరణ హితమైన శుభ్రత అంటే ముందుగా ఇంట్లో తడిని తగ్గించడమే. ఏ సీసా వాడాలన్నది ఆ తర్వాతి సంగతి.

బూజు సిద్ధబీజాలు గాలిలో ఎప్పుడూ ఉంటాయి. వాటికి కావలసిన తిండి దుమ్ములో, సబ్బుజిడ్డులో, చెక్కలో, కాగితంలో దొరుకుతూనే ఉంటుంది. ఇక కావలసింది తడి. గోడను అంటుకున్న గాలిలో సాపేక్ష ఆర్ద్రత 80 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే చాలు, అవి మొలకెత్తుతాయి. ఒక లెక్క వేసి చూద్దాం. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో దాదాపు 28 ఘనమీటర్ల గాలి ఉంటుంది; అది పట్టగలిగిన ఆవిరి 850 గ్రాములు. వానాకాలంలో ఆర్ద్రత 80 శాతం ఉందనుకుంటే అప్పటికే 680 గ్రాములు చేరిపోయాయి. మిగిలిన చోటు 170 గ్రాములకే. తలుపులు మూసిన గదిలో తడిగుడ్డ పెట్టాక గచ్చు మీద మిగిలిన నీరు చిన్న గ్లాసెడు ఆవిరైనా ఆ చోటు నిండిపోతుంది. నిజానికి అందులో కొంత సందుల గుండా బయటికి పోతుంది, కొంత గోడలు పీల్చుకుంటాయి. గోడలు పీల్చుకోవడమే అసలు చిక్కు. పైగా అదే 80 శాతం గాలి 26 డిగ్రీల చల్లటి గచ్చును తాకితే అక్కడ నీరుగా మారుతుంది. గచ్చు చెమర్చడం అంటే ఇదే. అలాంటి రోజున మళ్లీ తడిగుడ్డ పెట్టడం బూజుకు నీళ్లు పోయడమే.

చంపితే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. చచ్చిన బూజు కూడా ఉబ్బసాన్ని, అలర్జీని రెచ్చగొడుతుంది. అది గోడ మీదనుంచి పోవాలి. బ్లీచింగ్ ద్రావణంలో ఎక్కువ భాగం నీరే. సిమెంటు పూత మీద, చెక్క మీద అందులోని క్లోరిన్ పైపొరలోనే ఖర్చయిపోతుంది, నీరు మాత్రం లోపలికి ఇంకుతుంది. మచ్చ తెల్లబడుతుంది, తడి ఆరకపోతే కొన్ని వారాల్లో మళ్లీ లేస్తుంది. నిరంతర చెమ్మను నివారించడమే ఆరోగ్యానికి అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి. ఇక ఉన్న బూజును తీసేటప్పుడు పొడిచీపురుతో దులపకూడదు. సిద్ధబీజాలు గదంతా ఎగురుతాయి. కొద్దిగా సబ్బునీటిలోనో కుంకుడు రసంలోనో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో మరోసారి తుడిచి, ఫ్యాను వేయాలి. బీరువాను గోడకు బెత్తెడు దూరం జరిపితే వెనక గాలి ఆడుతుంది.

గోడమీద తెల్లగా పొంగే ఉప్పుది వేరే కథ. వేసవిలో ఉప్పుటేరు గుండా ఉప్పునీరు ఎగదన్నే ప్రాంతమిది. పునాదిలోంచి ఎక్కిన ఉప్పు గోడలో నిలిచిపోతుంది. మనం తినే ఉప్పు 75 శాతం ఆర్ద్రత దాటితే గాలిలోని తేమను లాక్కుని కరుగుతుంది. అందుకే వాన పడకపోయినా ఆ గోడ తడిగా ఉంటుంది. దాన్ని నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఎండిన రోజున పొడిబ్రష్‌తో రాల్చి, ఎత్తి పారేయాలి. అలాంటి గోడకు ప్లాస్టిక్ రంగు వేస్తే తడి బయటికి రాలేక పొక్కులు లేస్తుంది. సున్నానికి ఆ ఇబ్బంది లేదు. తడి సున్నం క్షారగుణం పీహెచ్ 12 పైన ఉంటుంది కనుక బూజు నిలవదు. తర్వాత గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చి సున్నపురాయిగా గట్టిపడినా ఆవిరిని బయటికి పోనిస్తుంది. సంక్రాంతికి ముందు, వానలు వెనకపట్టాక వెల్లవేసే అలవాటు శాస్త్రరీత్యా కూడా సరైన అదునే.

సహజమైనదల్లా మంచిదన్న నమ్మకాన్నీ ప్రశ్నించాలి. కడప బండ సున్నపురాయి జాతిది. వెనిగర్, నిమ్మరసం దాన్ని తినేసి నునుపు పోగొడతాయి. వెనిగర్‌లో వంటసోడా కలిపితే నురగ వస్తుంది గానీ ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకోగా మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే.

ఇంతటి చెమ్మసీమలో ఇల్లు ఆరబెట్టడం సాధ్యమా అన్నది గట్టి అభ్యంతరం. జడివాన రోజుల్లో ఆర్ద్రతను 60 శాతానికి దించడం ఏసీ లాంటి యంత్రం లేకుండా కుదరదు, నిజమే. కానీ బూజుకు కావలసింది రోజుల తరబడి ఆరని తడి. స్నానం కాగానే వైపర్‌తో నీళ్లు లాగేయడం, వంటింటి ఆవిరిని బయటికి పంపడం, తడిబట్టలు పడకగదిలో ఆరేయకపోవడం ఆ కొనసాగింపును తెంచుతాయి. చేపల చెరువుల నీరు, పట్టణాల మురుగు కలుస్తున్న కొల్లేటికి మన బకెట్టెడు ఫినాయిల్ ఒక లెక్కా అని కూడా అంటారు. ఆ మాటలో న్యాయముంది. సరస్సును ఒక్క ఇంటి పొదుపు కాపాడలేదు. అయితే ఫినాయిల్ వాసనను మూసిన గదిలో ముందు పీల్చేది ఇంట్లోవాళ్లే.

వరద నీరు ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం క్రిమినాశిని తప్పనిసరి. అప్పుడు కూడా ముందు బురదంతా ఎత్తి కడగాలి. బురద మీద చల్లిన బ్లీచింగ్ క్రిములను చేరకముందే ఖర్చయిపోతుంది. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తో గానీ వెనిగర్‌తో గానీ దాన్ని ఎన్నడూ కలపకండి. అందులోంచి వెలువడే క్లోరిన్ వాయువు ప్రాణాలు తీయగలదు.