కోట లేని కోటపట్టణము

జపానుదేశమునకు కెమేరా చేతబట్టి పోవు యాత్రికులలో పెక్కురు మొదట కోటలనే చూడగోరుదురు. హిమేజి కోట తెల్లని గోడలును, ఒకదానిపై నొకటి లేచిన పైకప్పులును మన విద్యార్థులు కూడ చిత్రములందు చూచియే యుందురు. హగి పట్టణమున అట్టి చిత్రము లభింపదు. అచట కొండ కలదు, కందకము కలదు, రాతిపునాది కలదు. కోటసౌధము మాత్రము లేదు. అయినను సామురాయిల కథను తుదివరకు తెలిసికొనగోరువారు అచటికే పోవలెను.

హగి హొన్షూ ద్వీపపు పడమటి కొనను, జపాను సముద్రతీరమున, రెండు నదీపాయల నడుమ నున్నది. 1600లో సెకిగహారా యుద్ధమున ఓడిన పక్షమువాడగు మోరి తెరుమొతో, హిరోషిమానుండి తానేలిన విశాలరాజ్యమును కోల్పోయి రెండు మండలములతో మిగిలెను. ఆయన 1604లో షిజుకి కొండపాదమున కోట కట్టింప నారంభించెను. కోటకు చేరువగా ఉన్నతోద్యోగుల భవనములు, కందకమునకు వెలుపల తక్కిన యోధుల యిండ్లు, వర్తకుల వీధులు వెలసినవి.

రెండున్నర శతాబ్దముల పిదప ఈ పట్టణపు యోధులే షోగునుల ప్రభుత్వమును కూలద్రోయుటలో ముందు నిలిచిరి. వారిలో పలువురకు గురువు యొషిదా షోయిన్. ఆయన బోధించిన చిన్న పెంకుటింటి బడి, షోకా సోన్‌జుకు, నేటికిని నిలిచియున్నది. 1859లో మరణదండన పొందునాటికి ఆయనకు ముప్పదియేండ్లు నిండలేదు. శిష్యుడగు ఇతో హిరోబుమి 1885లో జపాను ప్రథమ ప్రధానమంత్రి యయ్యెను.

గెలిచినవారి కోటయే వారి గెలుపునకు బలియయ్యెను. ప్రభువు 1863లోనే యమగుచికి తరలిపోయెను. క్రొత్త ప్రభుత్వపు కాలమున, 1874లో, ఐదంతస్తుల ప్రధానసౌధమును కూల్చివేసిరి. అంతకుమున్ను తీసిన ఛాయాచిత్రమే దాని రూపమును నేటివారికి చూపుచున్నది. 1876లో కత్తి ధరించు హక్కును, వంశపారంపర్యముగా వచ్చు భరణమును సామురాయిలు కోల్పోయిరి. అదే యేట షోయిన్ శిష్యుడగు మాయెబరా ఇస్సెయి హగిలో తిరుగుబాటు చేసి మరణశిక్ష పొందెను.

ఆ సంవత్సరమే ఒబతా తకమసా అను మరియొక సామురాయి వేరొక దారి త్రొక్కెను. జీవనోపాధి పోయిన యోధుల పెరళ్లలో నత్సుమికాన్, అనగా వేసవి నారింజ, మొక్కలు నాటింప బూనుకొనెను. మన పంపరపనసకు చుట్టమైన పులుపుపండు అది. యోధుల భవనములున్న చోటులు క్రమముగా తోటలైనవి. శత్రువును దృష్టిలో నుంచుకొని కట్టిన మట్టిగోడలు సముద్రపుగాలినుండి చెట్లను కాపాడినవి.

కెమేరా గలవారు హొరియుచి పేటలోని కాగిమగారి సందునకు పోవలెను. తాళపుచెవి వలె వంగిన సందు అని ఆ పేరున కర్థము. ముందేమున్నదో పగవానికి కానరాకుండుటకై సందును లంబకోణమున మలచి, ఇరువైపుల ఎత్తుగోడలు కట్టిరి. ప్రొద్దుటి, సాయంకాలపు ఏటవాలు వెలుగులో ఆ గోడల గరుకుదనము చక్కగా పడును. మే మాసమున తెల్లని పూలును, పసుపుపచ్చని పండ్లును ఒకే కొమ్మపై కనబడును.

రాజధాని తరలిపోయిన ఊరగుటచే పాతవీధులు చాలవరకు చెడలేదు. రైలుమార్గము కూడ నదుల ఆవలియొడ్డున చుట్టిపోవుచున్నది. పాతకాలపు పటము చేతబట్టి నేటికిని ఆ వీధులలో తిరుగవచ్చును. 2015లో ఈ కోటపట్టణము, షోయిన్ బడి ప్రపంచ వారసత్వస్థలములలో చేరినవి.

కోటచిత్రము ప్రభువు వైభవమును చెప్పును. గోడమీదుగా వ్రాలిన నారింజకొమ్మ చిత్రము, కత్తి విడిచిన చేయి మరునాడు ఏమి చేసెనో చెప్పును. చరిత్రపాఠమున యుద్ధముల తేదీలు చదివిన విద్యార్థికి ఈ రెండవ చిత్రమును కూడ చూపవలెను.