బండి అంగడి నేర్పిన లెక్క



రైతు తన లాభనష్టములను సంవత్సరమునకు ఒకసారి చూచుకొనును. బండిమీద ఫలహారము అమ్ముకొనువాడు ప్రతిదినము సాయంకాలము చూచుకొనును. రైతు చేసిన పొరపాటు అతనికి తెలియుటకు పంట ఇంటికి రావలెను. బండివాని పొరపాటు ప్రొద్దు క్రుంకినంతనే తెలియును. అందుచేత రైతునకు ముప్పది యేండ్లకు అలవడు వివేకము బండివానికి ఒకటి రెండేండ్లలోనే అలవడుచున్నది. ఇది నేను పుస్తకములలో చదివి చెప్పు మాట కాదు. నేను పుట్టినది రైతు ఇంటనే యైనను, పెరిగినది కదిరి పట్టణమున ఒక తోపుడు బండి ప్రక్కన. వ్యవసాయ ప్రదర్శకుడనై నేడు మీ పొలముగట్లమీద నేను చెప్పు మాటలలో సగము ఆ బండి వద్ద నేర్చినవే.

మా తండ్రిగారికి కదిరికి ఆమడ దూరమున నాలుగు ఎకరముల ఎర్రనేల మెట్ట యుండెను. మన ప్రాంతమున ఏడాదికి కురియు వర్షము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. అదియు అదనున కురియుట అరుదు. వరుసగా రెండేండ్లు వేరుశనగకు ఊడలు దిగువేళ వాన ముఖము చాటువేసెను. చేను పశువుల మేతకే చాలెను. అప్పుడు మా తండ్రిగారు పొలమును బీడుపెట్టి, మమ్ము వెంటబెట్టుకొని కదిరి చేరి, నాలుగు సైకిలు చక్రముల బండి యొకటి అప్పుమీద కొనిరి. బస్సులు నిలుచు చోటికి సమీపమున ఉదయము ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, సాయంకాలము చిత్రాన్నము అమ్ముట మా వృత్తి యయ్యెను.

మా యమ్మ తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి శనగపిండి కలుపుచుండెను. నేను కొళాయినుండి ఆరు బిందెల నీరు మోసి, బడికి పోవు వేళవరకు పళ్లెములు కడుగుచుంటిని. నా చెల్లెలు ఎర్రగడ్డలు తరుగుచుండెను. బడినుండి వచ్చి మరల బండి వద్దనే నిలుచుచుంటిమి. మాకు ఆటస్థలమును, పాఠస్థలమును అదియే.

మా యమ్మ నడుమున మూడు అరల వక్కాకు సంచి యొకటి యుండెను. అందు ఆమె ఆకువక్కలు ఉంచలేదు. రాత్రి బండి ఇల్లు చేరగానే ఆనాటి రాబడినంతయు చాపమీద పోసి మూడు పాళ్లు చేయుచుండెను. మొదటి అరలో మరునాటి సరకుల సొమ్ము. రెండవ అరలో బండి అప్పునకు, ఇంటి బాడుగకు చెల్లింపవలసినది. ఈ రెండును నిండిన పిమ్మట మిగిలినది మూడవ అరలో, మా తిండికి బట్టకు. మొదటి అరను ఆమె ముడుపు అనుచుండెను. స్వామికి కట్టిన ముడుపును ఇంట ఎంత ఇబ్బంది కలిగినను విప్పరాదు గదా! ఇదియు అట్టిదే యని ఆమె నియమము. మూడవ అర వట్టిదైన నాడు బండిమీద మిగిలినదే మాకు రాత్రి భోజనము. ఏమియు మిగులకుండ అమ్ముడుపోయిన నాడు సంతోషమును పస్తును కలిసివచ్చుచుండెను.

ఈ నియమము ఒక్కసారి తప్పినది. నాకు అప్పుడు పదునొకండేండ్లు. కదిరి శ్రీ లక్ష్మీనరసింహస్వామివారి బ్రహ్మోత్సవములు ఫాల్గుణ మాసమున జరుగుట మీరెరిగినదే. రథోత్సవమునకు నలుదెసల నుండి జనము వచ్చి, రథముపై దవనమును మిరియములును చల్లి మ్రొక్కుకొందురు. ఆ యొక్కదినమున నెలదినముల బేరము జరుగునని తలచి, మా తండ్రిగారు ముడుపు విప్పి, రెండవ అరను గూడ ఊడ్చి, అది చాలక చేబదులు తెచ్చి, మూడింతల సరకు కొనిరి. మా యమ్మ వలదనెను. పండుగనాడు పిరికితనమేల యని ఆయన నవ్విరి. మధ్యాహ్నము దాటగనే గాలివాన వచ్చెను. బొరుగుల మూటలు తడిసి ముద్దలయ్యెను. కలిపిన పిండి పులిసెను. జనము చావళ్లలోను అరుగుల మీదను తలదాచుకొనిరి. రాత్రి చాపమీద పోయుటకు డబ్బు లేదు. మరునాడు ప్రొయ్యి వెలిగించుటకు సరకును లేదు.

అప్పుడు దినవడ్డీ వ్యాపారి యొకడు మా బండి వద్దకు వచ్చెను. ఉదయము 90 రూపాయలు చేతిలో పెట్టి, సాయంకాలము 100 రూపాయలు తీసుకొనిపోవుట వాని పద్ధతి. పది రూపాయలే గదా యని మా తండ్రిగారు ఒప్పుకొనిరి. మరునాడు మరల 90, సాయంకాలము మరల 100. ఇట్లు మూడు నెలలు గడచెను.

నేను చదువు మిషను పాఠశాలలో ఉపాధ్యాయుడు ఆ దినములలో వడ్డీ లెక్కలు నేర్పుచుండెను. ఇంటి లెక్కనే పుస్తకమున వేసి చూపితిని. 90 రూపాయల అసలుకు 30 దినముల వడ్డీ 300 రూపాయలు. ఆయన తప్పు చేసితినని తలచి మరల చేయుమనెను. మరల చేసినను అంతే వచ్చెను. ఆయన కొంతసేపు నా ముఖము చూచి, ఏమియు అనక, ఒప్పని గీతపెట్టెను.

మా యమ్మకు అక్షరములు రావు. ఆమెకు చింతగింజలతో చూపితిని. పదిరూపాయలకు ఒక గింజ చొప్పున తొమ్మిది గింజలు ఒకచో పెట్టి ఇది అసలంటిని. దాని ప్రక్కన దినమునకొక గింజ వడ్డీ పెట్టుచు పోయితిని. తొమ్మిదవ దినమున రెండు కుప్పలును సమానమయ్యెను. “ఇంత ఇచ్చినను మొదటి కుప్ప తరుగలేదేమి?” అని ఆమె అడిగెను. “తరుగదమ్మా, అది ఎప్పటికిని వానిదే” అంటిని. ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు.

మరునాటినుండి ఆమె బజ్జీలు మానివేసి నూనె ఖర్చు తగ్గించెను; తాను టీ త్రాగుట మానెను; దినమునకు 3 రూపాయలు మొదటి అరలో వేసి కుట్టివేసెను. ముప్పదియవ దినమున కుట్టు విప్పగా 90 రూపాయలు ఉండెను. మరునాటి ఉదయము వ్యాపారి వచ్చినప్పుడు మా తండ్రిగారు, “అక్కరలేదు నాయనా” అనిరి. వానికి దినమును పోవుచుండిన పది రూపాయలు ఆనాటినుండి మావే యయ్యెను. మా కుటుంబమును నిలిపినది పెద్ద లాభము కాదు, దినమునకు మూడు రూపాయల నిగ్రహము.

రైతు సోదరులారా, మీ మొదటి అర యేది? విత్తనము. వేరుశనగ ఎకరమునకు సుమారు 60 కిలోల గింజలు కావలెను. నూటికి 70 పాళ్లు గింజ దిగు కాయయైనచో అది 86 కిలోల కాయ. తాలును పుచ్చును ఏరివేయుటకు మరికొంత కలిపి, మూడెకరములు విత్తువాడు 300 కిలోల కాయను కళ్లమునందే వేరుచేసి ముడుపు కట్టవలెను. దానిని అమ్మి పెండ్లి చేసి, విత్తనము వేళ అరువునకు తెచ్చువాడు మా తండ్రిగారు పండుగనాడు చేసినదే చేయుచున్నాడు. కాయను ఊపిన గింజ గలగలలాడునంతవరకు, గింజను వ్రేళ్లతో నలిపిన పైపొర ఊడునంతవరకు ఎండబెట్టి, క్రొత్త గోనెసంచులలో పోసి, నేలను గోడను తాకకుండ చెక్కలమీద ఉంచుడు. గింజలుగా వలిచి నిలువచేయకుడు. విత్తుటకు కొలదిదినములు ముందుగా మాత్రమే వలువుడు.

మీ రెండవ అర సంఘపు అప్పు. కేంద్రప్రభుత్వపు వడ్డీ రాయితీ పథకము క్రింద 7 శాతము వడ్డీకి ఇచ్చు పంటఋణమును గడువులోపల తీర్చినవారికి 3 శాతము తగ్గి 4 శాతమే పడును. మా బండివానికి తొమ్మిది దినములలో పెరిగినంత వడ్డీ, 4 శాతము చొప్పున పెరుగుటకు ఇరువదియైదు సంవత్సరములు పట్టును. బండ్లవారికి ఆ దినములలో ఇట్టి ఆశ్రయము లేకుండెను. వీధి విక్రేతల జీవనమును రక్షించు చట్టము 2014లో వచ్చెను. 2020 జూన్ నెలలో పి.ఎం. స్వనిధి పథకము 10,000 రూపాయల మొదటి ఋణముతో ఆరంభమయ్యెను. 2025లో దానిని 15,000 చేసిరి. సకాలమున తీర్చినవారికి తరువాతి విడత అంతకంటె పెద్దది. ఇచ్చట గూడ పరపతిని పెంచునది తీర్చుటయే.

ఇక రెండవ పాఠము నా తప్పు వలన నేర్చినది. ఒకనాడు మా యమ్మ ఊరిబిండికి రెండు కిలోల వేరుశనగ గింజలు తెమ్మని నన్ను అంగడికి పంపెను. ఒకచోట ముక్కిన గింజలు తక్కువ వెలకు ఉండెను. వానిని కొని, మిగిలిన చిల్లర జేబులో వేసికొంటిని. కారములో ఎవరికి తెలియుననుకొంటిని. మా యమ్మ నూరిన ఊరిబిండిని నాలుకకు తాకించి, ఒక్క మాటయు అనక, గిన్నెతో సహా తీసికొనిపోయి పారబోసెను. ఆ ఉదయము వచ్చిన ప్రతివానితో, “నేడు ఊరిబిండి లేదు నాయనా, గింజ మంచిది దొరకలేదు” అని చెప్పుచు, తక్కువ వెలకు ఉగ్గాని పెట్టెను. నన్ను కొట్టలేదు, నా యెదుటనే అందరికిని అట్లు చెప్పెను. చిల్లర నా జేబులో నిప్పువలె ఉండెను.

ఆనాడు మాకు తెలిసినది చేదు మాత్రమే. తరువాత నేను చదివి తెలిసికొన్నది ఇంకను భయంకరము. 1960లో ఇంగ్లండునందు లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చెను. బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుశనగ పిండి వానికి మేతగా పెట్టబడెను. ఆ పిండిలో పట్టిన బూజునుండి పుట్టిన విషమే కారణమని తేలెను. దానికి అఫ్లాటాక్సిను అని పేరు పెట్టిరి. అది కాలేయమును చెరచును. వండినను వేయించినను పూర్తిగా పోదు. కావున బూజు పట్టిన గింజను మంచి గింజలో కలిపి అమ్ముట తూకపు మోసము మాత్రమే కాదు, తినువాని ప్రాణముతో ఆడుట. సంఘపు గిడ్డంగికి పది మంది తెచ్చిన కాయ ఒక్క కుప్పగా చేరును. అందు ఒక్కని తడికాయ చేరినచో పది మంది పేరును చెడును. కదిరి వేరుశనగ యను మాటకు దేశమున గౌరవము కలదు. మన కదిరి పరిశోధనాస్థానమున రూపొందిన కదిరి-6 రకము 2005లో విడుదలయై పెక్కు ప్రాంతములకు వ్యాపించెను. ఆ పేరును నిలుపవలసినది మన కళ్లములే.

మూడవ పాఠము అరువు. ఒక ఉద్యోగి రెండు నెలలు మా బండి వద్ద జీతమురాగానే ఇత్తునని తినుచుండెను. జీతము వచ్చిన దినమునుండి ఆయన వీధికి ఆవలివైపున నడచుట మొదలిడెను. అరువిచ్చిన నాడు సరకు పోయెను, అడిగిన నాడు గిరాకి పోయెను. ఆ తరువాత మా యమ్మ ఒక కట్టుబాటు చేసెను. నిజముగా ఆకలిగొన్నవాడు వచ్చినచో, “ఈ పూట ఊరకే తినుము నాయనా, అరువు మాత్రము వద్దు” అనుచుండెను. దానము చేసినచో మనిషి మరల వచ్చును, అరువిచ్చినచో రాడని ఆమె అనుభవము.

ఇంగ్లండునందు రాచ్‌డేలు పట్టణమున 28 మంది పేదలు, వారిలో పెక్కుమంది నేతగాండ్రు, 1844 డిసెంబరు 21వ తేదీన ఒక చిన్న అంగడి తెరచిరి. సహకారోద్యమమునకు మూలముగా లోకము చెప్పుకొను అంగడి అదియే. కల్తీలేని సరకు, నిండు తూకము, అరువు లేని బేరము అను మూడు వారి కట్టుబాట్లు. నేను ఈ సంగతి చదివినప్పుడు మా యమ్మయే జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె రాచ్‌డేలు పేరు వినియెరుగదు. అయినను పేదవాడు నిలువవలెనన్న దారి ఒక్కటియే గనుక ఇరువురును దానినే త్రొక్కిరి. సంఘమునకు బాకీపడి, సంఘపు వీధిని తప్పించుకొని నడచు సభ్యులు మనలో లేరా? వారు తప్పించుకొనుచున్నది కార్యదర్శిని కాదు, తమ సొంత అంగడిని.

మా బండి పండ్రెండేండ్లు నడచెను. బండి అప్పు తీరెను, చెల్లెలి పెండ్లి జరిగెను, నా చదువు సాగెను. పిమ్మట మా తండ్రిగారు తిరిగి పొలమునకే వచ్చిరి. మొదటి పంట కళ్లమునకు రాగానే ఆయన చేసిన మొదటిపని విత్తనపు కాయను వేరుగా పోయుట. మా యమ్మ ప్రక్కన నిలిచి చూచుచుండెను.

మీలో ప్రతి ఒక్కరిని నేను కోరునది చిన్నది. ఈ పంటకాలమున ఇంట ఒక పుస్తకము పెట్టి, ప్రతి సాయంకాలము ఆనాటి ఖర్చును, మీ యింటివారి కూలితో సహా, ఒక్క పంక్తి వ్రాయుడు. అక్షరములు రానివారు బడికి పోవు పిల్లలచేత వ్రాయింపుడు. వారికి అంతకంటె మంచి పాఠము లేదు. పంట రాగానే మూడు కుప్పలు చేయుడు: విత్తనమునకు ఒకటి, సంఘపు బాకీకి ఒకటి, ఇంటికి ఒకటి. మూడవది చిన్నదైనచో దిగులు పడకుడు. మొదటి రెండును నిండుగా ఉన్నంతవరకు మరుసటి యేడు మీ చేతిలోనిదే.