భాగం 9: స్టాఫిలోకాకస్ వ్యాధులు – నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ మందుల సురక్షిత వినియోగం

9.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• స్టాఫిలోకాకస్ మీద మామూలు పెన్సిలిన్ ఎందుకు పనిచేయదో వివరించగలుగుతారు.
• మందుచీటీ రాయడానికి ముందు రోగిని అడగవలసిన ప్రశ్నలను చెప్పగలుగుతారు.
• మోతాదు, వేళలు, రోజుల సంఖ్యను లెక్కకట్టగలుగుతారు.
• ప్రమాద సూచనలను గుర్తించగలుగుతారు.

9.1 పరిచయం

కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో ఒక వేరుశనగ రైతును ఊహించుకోండి. చేనిగట్టున కంపముల్లు కాలిలో దిగింది. మూడో నాటికి పాదం ఎర్రబడి, వాచి, చీము పట్టింది. అతడు ఆస్పత్రికి వస్తాడు. వైద్యుడు మందు రాస్తాడు, ఫార్మసిస్టు ఇస్తాడు, నర్సు ఎలా మింగాలో చెబుతుంది. చీటీ రాసే అధికారం రిజిస్టరైన వైద్యునికి మాత్రమే ఉంది. కాని రోగి క్షేమం ఈ ముగ్గురి చేతుల్లోనూ ఉంటుంది. మందు మంచిదైనా, అడగవలసిన ఒక్క ప్రశ్న అడగకపోతే అది ప్రాణం మీదికి తేవచ్చు. ఆ ప్రశ్నలే ఈ భాగంలో ముఖ్యాంశం.

9.2 స్టాఫిలోకాకస్, పెన్సిలినేజ్

స్టాఫిలోకాకస్ ఆరియస్ గుండ్రని బాక్టీరియా. సూక్ష్మదర్శినిలో ద్రాక్షగుత్తిలా కనిపిస్తుంది. ఆరోగ్యవంతుల ముక్కులోనూ చర్మం మీదా కూడా ఉంటుంది. చర్మం తెగినప్పుడు లోపలికి చేరి సెగగడ్డలు, చీముపుండ్లు, సెల్యులైటిస్ కలిగిస్తుంది.

1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పెన్సిలిన్‌ను గుర్తించింది స్టాఫిలోకాకస్ పెంచుతున్న పళ్ళెంలోనే. అయితే చాలాకాలం గడవకముందే ఈ బాక్టీరియాలో ఎక్కువ భాగం పెన్సిలినేజ్ అనే ఎంజైమును తయారుచేసి, పెన్సిలిన్ అణువులోని బీటా-లాక్టమ్ వలయాన్ని తెంచడం మొదలుపెట్టాయి. అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ కూడా ఈ ఎంజైముకు లొంగిపోతాయి. దీనికి విరుగుడుగా పెన్సిలినేజ్‌కు తట్టుకునే పెన్సిలిన్లు వచ్చాయి. వీటిలో క్లాక్సాసిలిన్, డైక్లాక్సాసిలిన్, ఫ్లూక్లాక్సాసిలిన్ నోటి ద్వారా ఇవ్వదగినవి.

మన మందుల షాపుల్లో ఆంపిసిలిన్ 250 మి.గ్రా., క్లాక్సాసిలిన్ 250 మి.గ్రా. కలిపిన క్యాప్సూళ్ళు కనిపిస్తాయి. రెండు మందులు ఉన్నాయి కాబట్టి రెట్టింపు బలమని అనుకోకూడదు. స్టాఫిలోకాకస్ పుండుకు అందులోని ఆంపిసిలిన్ వల్ల అదనపు ప్రయోజనం దాదాపు ఉండదు. క్లాక్సాసిలిన్ సగమే అందుతుంది. విరేచనాలు, దద్దుర్ల ప్రమాదం మాత్రం పెరుగుతుంది. ఈ మిశ్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేయదగని వాటి జాబితాలో చేర్చింది.

9.3 ఏ రోగికి నోటి మందు?

చిన్న సెగగడ్డకు చాలాసార్లు చీము తీసి శుభ్రం చేస్తే చాలు. యాంటిబయాటిక్ అవసరం ఉండకపోవచ్చు. చీము లోపలే నిలిచి ఉంటే ఎన్ని క్యాప్సూళ్ళు మింగినా అక్కడికి మందు సరిగా చేరదు. ఎరుపు చుట్టూ వ్యాపిస్తున్నప్పుడు, రోగి తిని తాగగలిగే స్థితిలో ఉన్నప్పుడు నోటి మందు తగినది. ఎక్కువ జ్వరం, చలివణుకు, మతి తప్పడం, రక్తపోటు పడిపోవడం, ఎముకకు లేదా కీలుకు వ్యాధి సోకిందన్న అనుమానం ఉంటే నోటి మందుతో కాలయాపన చేయరాదు. రోగిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. మధుమేహం ఉన్నవారి పాదం పుండును కూడా తేలికగా తీసుకోరాదు. కంపముల్లు గుచ్చుకున్న గాయమైతే ధనుర్వాతం టీకా సంగతి తప్పక విచారించాలి.

9.4 అడగవలసిన ప్రశ్నలు

“నీకు ఎలర్జీ ఉందా?” అని అడిగితే చాలామంది “లేదు సార్” అంటారు. ఆ మాట అర్థం కాకపోయినా అలాగే అంటారు. అందువల్ల రోగి మాటలోనే, జరిగిన సంగతిని అడగాలి.

(అ) “మునుపెప్పుడైనా సూది వేసినాక గానీ, మాత్ర మింగినాక గానీ ఒళ్ళంతా దద్దుర్లు లేచినాయా? మూతి వాచిందా? ఊపిరాడలేదా? కళ్ళు తిరిగి పడిపోతివా?” ఔనంటే ఏ మందు, ఎంతసేపటికి, ఏం చికిత్స చేశారు అని ఆరా తీయాలి. మందు వేసిన కొద్దిసేపట్లోనే ఊపిరాడకపోవడం, మూతి వాయడం జరిగి ఉంటే పెన్సిలిన్ జాతి మందు ఏదీ ఇవ్వరాదు. సెఫాలెక్సిన్‌ను కూడా వైద్యుడు ఆలోచించకుండా రాయకూడదు. విరేచనాలు, కడుపులో తిప్పడం మాత్రమే అయితే అది ఎలర్జీ కాదు. దాన్ని ఎలర్జీగా రాస్తే రోగి మంచి మందుకు జీవితాంతం దూరమవుతాడు.

(ఆ) “మునుపు ఇట్లాంటి మందు వాడినాక కళ్ళు పచ్చబడినాయా?” ఈ మందుల వల్ల, ముఖ్యంగా ఫ్లూక్లాక్సాసిలిన్ వల్ల, అరుదుగా కామెర్లు వస్తాయి. మందు ఆపిన కొన్ని వారాలకు కూడా రావచ్చు. ఒకసారి వచ్చినవారికి మళ్ళీ ఇవ్వరాదు.

(ఇ) “రోజూ వేసుకునే మాత్రలేమన్నా ఉండాయా? చీటీ చూపించు.” గుండె కవాటం మార్చుకున్నవారు వాడే వార్ఫరిన్ ప్రభావాన్ని డైక్లాక్సాసిలిన్ తగ్గించవచ్చు. అప్పుడు రక్తపరీక్ష చేయించి చూసుకోవాలి. కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ రక్తంలో పెరిగి విషంగా మారవచ్చు.

9.5 మోతాదు, వేళలు

చర్మ వ్యాధులకు పెద్దలకు సాధారణంగా డైక్లాక్సాసిలిన్ 250 నుంచి 500 మి.గ్రా. ప్రతి 6 గంటలకు ఇస్తారు. పిల్లలకు శరీర బరువును బట్టి కిలోకు రోజుకు 25 మి.గ్రా. లెక్కకట్టి నాలుగు భాగాలుగా ఇస్తారు. కాంప్లికేషన్లు లేని వ్యాధికి 5 నుంచి 7 రోజులు సరిపోతుంది. చీటీలో మందు జనరిక్ పేరు, మోతాదు, వేళలు, రోజులు స్పష్టంగా ఉండాలి.

ఆహారం ఈ మందు రక్తంలోకి చేరడాన్ని తగ్గిస్తుంది. కాబట్టి తిండికి గంట ముందు గానీ, తిన్న రెండు గంటల తరవాత గానీ మింగాలి. “రోజుకు నాలుగుసార్లు” అంటే సరిపోదు. పొలం పనికి పోయే మనిషి దినచర్యకు దాన్ని అతికించి చెప్పాలి. ఉదాహరణకు: తెల్లవారి 5కు ఒకటి, 6:30కు సద్ది. పగలు 11కు ఒకటి, 12:30కు సంగటి. సాయంత్రం 5కు ఒకటి. రాత్రి 8:30కు భోజనం, 11కు చివరిది. క్యాప్సూల్‌ను గ్లాసెడు నీళ్ళతో కూర్చుని మింగాలి. మింగిన వెంటనే పడుకుంటే అది అన్నవాహికలో ఇరుక్కుని పుండు చేయవచ్చు.

రోజుకు 4 చొప్పున 7 రోజులకు 28 క్యాప్సూళ్ళు కావాలి. డబ్బు చాలక రెండు రోజులకే కొనేవారుంటారు. వారిని మందలించక, పూర్తి లెక్క ముందే చెప్పి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా దొరుకుతుందేమో చూడాలి.

9.6 ప్రమాద సూచనలు, మందు పనిచేయని సందర్భం

మందు మింగాక మూతి, నాలుక వాపు, పిల్లికూతలు, స్పృహ తప్పడం కనిపిస్తే అది అనాఫిలాక్సిస్. దీనికి మొదటి మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్. వైద్యుని పర్యవేక్షణలో వెంటనే ఇవ్వాలి. ఇంటి దగ్గర జరిగితే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. చర్మం ఊడటం, నీళ్ళ విరేచనాలు ఆగకపోవడం, మూత్రం తగ్గడం, కామెర్లు కనిపించినా మందు ఆపి వైద్యుని చూడాలి.

48 గంటల్లో గుణం కనిపించకపోతే మోతాదు పెంచడం మొదటి పని కాదు. చీము నిలిచిందా, మందు సరిగా మింగాడా అని చూడాలి. మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్‌ను 1961లోనే ఇంగ్లండులో గుర్తించారు. దానికి ఈ మందులేవీ పనిచేయవు. చీమును కల్చర్‌కు పంపి, ఫలితాన్ని బట్టి వైద్యుడు వేరే మందు ఎన్నుకుంటాడు. డాక్సీసైక్లిన్ అలాంటి ఒకటి. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అది పుట్టిన లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు తెలుగువాడైన యల్లాప్రగడ సుబ్బారావు.

9.7 మీ ప్రగతిని సమీక్షించుకోండి

12 కిలోల పిల్లకు ఒక్కో మోతాదు ఎంత?
సమాధానం: 12 × 25 = 300 మి.గ్రా. రోజుకు. 300 ÷ 4 = 75 మి.గ్రా.

9.8 సారాంశం

పెన్సిలినేజ్‌ను తట్టుకునే పెన్సిలిన్ తగిన పుండుకు, తగిన మోతాదులో, ఖాళీ కడుపున, చెప్పినన్ని రోజులు వాడితే మేలు చేస్తుంది. మునుపటి దద్దుర్లు, కామెర్లు, వాడుతున్న మాత్రలు – ఈ మూడింటిని రోగి భాషలో అడిగిన తరవాతే చీటీ రాయాలి, మందు ఇవ్వాలి. విన్న సమాధానాన్ని చీటీ మీద, రోగి పుస్తకంలో తప్పక రాసిపెట్టాలి. రేపు మరో ఆస్పత్రిలో అతణ్ణి కాపాడేది ఆ ఒక్క పంక్తే కావచ్చు.

9.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

1. ఆంపిసిలిన్, క్లాక్సాసిలిన్ మిశ్రమం స్టాఫిలోకాకస్ వ్యాధికి ఎందుకు తగినది కాదు?
2. ఎలర్జీకి, దుష్ఫలితానికి భేదాన్ని ఉదాహరణలతో వివరించండి.
3. మీ ఊరిలోని ఒక కూలీ దినచర్యను తీసుకుని, 6 గంటలకొక మోతాదు చొప్పున వేళల పట్టిక తయారుచేయండి.