మంచు దేశంలో తోలు అంగీ

కెనడా దేశానికి ఉత్తరాన నూనావుట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ చలికాలంలో చలి సున్నాకు 40 డిగ్రీలు కిందికి దిగుతుంది. సముద్రమే గడ్డకడుతుంది. దాని మీద మనుషులు నడిచిపోతారు. పంటలు పండవు. ఇనూయిట్ అనే జనం తరతరాలుగా అక్కడే బతుకుతున్నారు.

వాళ్ళకు తిండీ బట్టా ఇచ్చింది కారిబూ అనే పెద్ద జింక. మన దేశంలో జింకను చంపితే నేరం. 1972లో చట్టం వచ్చింది. అక్కడ వేట వాళ్ళ హక్కు. పూర్వం వేట లేకపోతే పూట గడిచేది కాదు.

వేటకు పోయేది ఎక్కువగా మగవాళ్ళు. కాని వాళ్ళు ప్రాణాలతో తిరిగి రావాలంటే ఇంట్లో ఆడమనిషి వేసిన కుట్టు గట్టిగా ఉండాలి. చంక కింద కుట్టు విడిపోతే గాలి లోపలికి దూరుతుంది. వేళ్ళు మొద్దుబారతాయి. వేళ్ళు కదలని మనిషి నిప్పు ఎలా రాజేస్తాడు?

ఏ తోలు మంచిది? ఇది ఆడవాళ్ళకే బాగా తెలుసు. ఎండాకాలం మొదట్లో జింక వీపు మీద ఈగ పురుగులు తొలిచిన చిల్లులుంటాయి. ఆ తోలు బట్టలకు పనికిరాదు. నడి చలికాలంలో వెంట్రుక పొడుగు, తోలు బరువు. అది పరుపుకు బాగుంటుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వెంట్రుక పొట్టిగా, దట్టంగా ఉంటుంది. బట్టలకు అదే కావాలి.

ఆ వెంట్రుక లోపల బోలుగా ఉంటుంది. అందులో గాలి నిలుస్తుంది. చలికి కోడి ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం మనం చూస్తాం కదా. ఇదీ అంతే. ఒంటి వేడిని గాలి పట్టి ఉంచుతుంది. అందుకే రెండు అంగీలు తొడుక్కుంటారు. లోపలి దానికి వెంట్రుకలు ఒంటి వైపు. పై దానికి వెంట్రుకలు బయటికి. అంత చేసినా బట్టలన్నీ కలిపి నాలుగైదు కిలోలే. మంచులో మైళ్ళు నడిచేవాడికి బరువు తగ్గడం చిన్న మాట కాదు.

కత్తెర వాడరు. వెంట్రుకలు తెగిపోతాయి. అర్ధచంద్రం లాంటి కత్తితో తోలు వైపు నుంచి కోస్తారు. టేపు లేదు. జానలతో, కంటి అంచనాతో కొలుస్తారు. దారం జింక వీపు నరాన్ని ఎండబెట్టి చీల్చింది. నీళ్ళు తగిలితే ఆ దారం ఉబ్బి సూది బెజ్జాన్ని మూసేస్తుంది. బూట్లు సీలు అనే సముద్ర జంతువు తోలువి. వాటిని కుట్టేటప్పుడు సూదిని తోలు అవతలికి పోనివ్వరు. సగంలోనే తిప్పి లాగుతారు. నీరు దూరదు. అడుగు తోలును పళ్ళతో నమిలి మెత్తబరిచేవాళ్ళు. ముసలమ్మల పళ్ళు దానికే అరిగిపోయేవి. దీన్ని ఉత్త కుట్టుపని అనడం ఎలా?

మూటలో ఏం పెడతారు? ఇంకో జత చేతి తొడుగులు, ఇంకో జత బూట్లు, మేజోళ్ళు. సూది, నరం దారం తప్పకుండా ఉంటాయి. బట్టల మీది మంచు కొట్టి దులిపే కర్ర కూడా ఉండాలి. దులపకుండా వెచ్చని చోటికి పోతే మంచు కరిగి తోలు తడుస్తుంది. తడిసిన తోలు బయట గడ్డకడుతుంది. చెమటా అంతే ప్రమాదం. ఒళ్ళు వేడెక్కితే మెడ దగ్గర వదులు చేసి వేడిని బయటికి పంపుతారు. మళ్ళీ చలి తగిలితే బిగిస్తారు.

1903లో ఆముండ్‌సెన్ అనే నార్వే నావికుడు ఓడలో అటు వచ్చాడు. రెండు చలికాలాలు అక్కడే ఉండి ఈ బట్టల తీరు నేర్చుకున్నాడు. 1911 డిసెంబరు 14న దక్షిణ ధ్రువం మొదట చేరింది ఆయన బృందమే. తోలు బట్టలు వేసుకునే వెళ్ళారు. పుస్తకాల్లో ఆయన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నేర్పిన ఆడవాళ్ళ పేర్లు మాత్రం వెతుక్కోవాలి.

ఇప్పుడు అంగళ్ళలో కోట్లు దొరుకుతున్నాయి. చాలామంది అవే కొంటారు. కారిబూలు కూడా తగ్గాయి. 2015లో బాఫిన్ దీవిలో వాటి వేటను కొంతకాలం ఆపేశారు. తోలు దొరకడం కష్టమైంది. అయినా గట్టి చలిలో దూరం పోయే వేటగాళ్ళు కొందరు ఇంకా తోలు అంగీనే అడుగుతారు. అందుకని అమ్మమ్మలు ఆడపిల్లల్ని కూర్చోబెట్టి కోత, కుట్టు నేర్పుతున్నారు. మొదట చిన్న తోలు ముక్క ఇస్తారు. కుట్టు బాగా లేకపోతే విప్పి మళ్ళీ కుట్టిస్తారు.