రాయి ఊళ్లో రాక్ కచేరీ

రాక్ అంటే రాయి. వరంగల్ పాతపేరు ఓరుగల్లు అంటే ఒకే రాయి. సంస్కృతంలో ఏకశిలానగరం. ఆ లెక్కన రాక్ కచేరీకి ఇంతకంటే తగిన ఊరు లేదని మా దోస్తుల్లో ఒకడు ఏటా అదే జోకు వేస్తాడు, ఏటా మేమూ నవ్వుతాం. నిజానికి పాటల రాక్‌కు రాయితో చుట్టరికం లేదు. ఇంగ్లిష్‌లో ఆ మాటకు ఊగడం అనే అర్థం కూడా ఉంది, పేరు అక్కణ్నుంచి వచ్చింది. రాయి కదలదు, ఈ రాక్ కదలకుండా కూచోనివ్వదు.

అలాగని రాయి పాడదని మాత్రం వరంగల్ వాళ్ల ముందు అనకండి. పాలంపేట రామప్ప గుడిలో ద్వారం పక్కన చెక్కిన వేణుగోపాలుణ్ని వేలితో తడితే ఒక్కోచోట ఒక్కో స్వరం పలుకుతుందని గైడ్లు తట్టి మరీ వినిపించేవారు. గుడి కట్టింది 1213లో. కట్టించిన రేచర్ల రుద్రుడు కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని. అదే గణపతిదేవుడి గజసైన్యాధిపతి జాయప పదమూడో శతాబ్దంలోనే ‘నృత్తరత్నావళి’ అని నాట్యం మీద ఏకంగా ఒక శాస్త్రగ్రంథం రాశాడు. ఏనుగుల దళం చూసుకునేవాడికి తాళం మీద అంత పట్టు ఎలా కుదిరిందా అనిపిస్తుంది. బహుశా ఏనుగు నడక చూసే కుదిరిందేమో!

ఇక అసలు కచేరీ సంగతి. వరంగల్‌లో రాక్ వినాలంటే పాతవాళ్లు ఇప్పటికీ ‘ఆర్‌ఈసీ’ అనే ఎన్‌ఐటీకి పోవాలి. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. దేశంలోని ప్రాంతీయ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇదే మొదటిది. ఎన్‌ఐటీగా మారింది 2002లో. ఇక్కడి విద్యార్థుల సాంస్కృతిక ఉత్సవం ‘స్ప్రింగ్‌స్ప్రీ’ 1978లో మొదలైంది. సీట్లలో సగం బయటి రాష్ట్రాల వాళ్లవి కాబట్టి ఒకే వేదిక మీద హిందీ, మలయాళం, తెలుగు పాటలు ఒకదాని వెంట ఒకటి దొర్లుతాయి. మాటలు అర్థం కానివాడికి కూడా గిటారు అర్థమవుతుంది. ఈ ఉత్సవంతో ముడిపడ్డ ‘క్యూర్’ నడక ఇంకో విశేషం. ఏదో ఒక సామాజిక అంశం కోసం పొద్దున్నే రోడ్డెక్కి నడుస్తారు. పొద్దున నడిచిన కాళ్లే సాయంత్రం ఎగురుతాయి.

పాట పాడి నలుగురికి సాయపడటం రాక్ వాళ్లు కనిపెట్టిన పద్ధతి కాదు. హాండెల్ అనే సంగీతకర్త ‘మెస్సయ్య’ మొదటిసారి వినిపించింది 1742 ఏప్రిల్ 13న, డబ్లిన్‌లో. వచ్చిన సొమ్ము రెండు ఆసుపత్రులకు, అప్పులు కట్టలేక జైల్లో మగ్గుతున్న వాళ్లకు. ఆ డబ్బుతో 142 మంది జైలు నుంచి బయటపడ్డారని చెబుతారు. ఇంకొందరు జనం పడితే ఇంకొంత సొమ్ము వస్తుంది కదా! అందుకని ఆడవాళ్లు పరికిణీలను గుండ్రంగా ఉబ్బించే చట్రాలు వేసుకోకుండా, మగవాళ్లు నడుముకు కత్తులు కట్టుకోకుండా రావాలని ముందే మనవి చేసుకున్నారు. ఇప్పుడు గేటు దగ్గర బ్యాగులు, నీళ్లసీసాలు లాక్కుంటున్నారని గొణిగేవాళ్లు ఇది గుర్తుంచుకోవచ్చు.

బెనిఫిట్ షో అనే మాట కూడా ఆనాటి నాటకశాలల్లోదే. ఒక రోజు వసూళ్లు ఒక నటుడికో, కష్టంలో ఉన్న కుటుంబానికో ఇచ్చే ఆట అది. ఆ మాట మన దగ్గరికి వచ్చాక ఏమైందో మీకు తెలిసిందే. తెల్లవారుజామున నాలుగింటికి, రెండింతల టికెట్టుకు వేసే మొదటి ఆట. బెనిఫిట్ ఎవరికని అడక్కూడదు.

అసలైన బెనిఫిట్ మాత్రం తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచేశాక ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊళ్లు తిరిగారు. తెర మీద తప్ప చూడని మనుషులు వీధిలోకి వచ్చి చెయ్యి చాపితే ఇవ్వనివాళ్లు ఎవరుంటారు? 2014లో హుద్‌హుద్ తుఫాను విశాఖను కుదిపేస్తే సినిమావాళ్లు నవంబర్ 30న ‘మేము సైతం’ పేరుతో పొద్దంతా ఆటాపాటా నడిపి విరాళాలు పోగుచేశారు. మొన్న మొన్న, 2025 ఫిబ్రవరి 15న, విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తమన్ ‘యుఫోరియా’ జరిగింది. ఎన్టీఆర్ ట్రస్టు తలసేమియా బాధితుల కోసం పెట్టిన కచేరీ అది. పవన్ కల్యాణ్ ఆ వేదిక మీదే 50 లక్షలు ప్రకటించారు. తలసేమియా తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, అదీ బతికినంత కాలం. అందుకే ఒక్క రాత్రి పాటతో తీరే అవసరం కాదది.

రాక్ లోకంలో ఈ దారి వేసింది మాత్రం మన సితారే. బంగ్లాదేశ్ శరణార్థుల గోస చూడలేక పండిట్ రవిశంకర్ తన శిష్యుడు, బీటిల్స్‌లో ఒకడైన జార్జ్ హారిసన్‌ను కదిలించారు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో మధ్యాహ్నం ఒక ఆట, రాత్రి ఒక ఆట. మొదట రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ కూర్చుని కాసేపు శ్రుతి చేసుకున్నారు. అదే కచేరీ అనుకుని జనం చప్పట్లు కొట్టేశారు! శ్రుతే ఇంత నచ్చితే వాయిద్యం ఇంకెంత నచ్చుతుందోనని పండిట్‌జీ నవ్వారు. టికెట్ల మీద వచ్చిన 2,43,418 డాలర్ల 50 సెంట్లు యునిసెఫ్‌కు చేరాయి. ఆల్బమ్, సినిమా డబ్బు మాత్రం ఏళ్ల తరబడి పన్నుల చిక్కులో పడింది. పన్ను మినహాయింపు కాగితాలు ముందే పెట్టుకోకపోవడమే కారణం. కాగితం కాగితమే, మంచిపనికైనా సరే.

మళ్లీ మన కచేరీకి వస్తే, చీకటి పడ్డాక గుంపు వెనక నిలబడితే ఇంకో సంగతి కనిపెట్టొచ్చు. డ్రమ్ము మీద కర్ర ముందు పడుతుంది, దెబ్బ తర్వాత వినిపిస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు నడుస్తుంది. 170 మీటర్ల దూరంలో ఉన్నామంటే అర సెకను వెనకబడ్డట్టే. జాతరల్లో స్తంభానికో మైకు కడతారు చూడండి, ‘తప్పిపోయిన పిల్లవాడు’ అనే మాట రెండు మూడుసార్లు ఒకదాని మీద ఒకటి పడి చివరికి ఎవరి పిల్లవాడో అర్థం కాదు. దగ్గరి మైకు మాట వెంటనే వినిపిస్తుంది, దూరపు స్తంభాల మాట నడిచి వస్తుంది. పెద్ద కచేరీల్లో వెనక బాక్సులను కావాలనే కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా పలికిస్తారు. అప్పుడు ముందు బాక్సుల మోత, వెనక బాక్సుల మోత రెండూ చెవికి ఒకేసారి చేరతాయి.

పగలు వినపడని పక్కూరి భజన రాత్రి వినిపించడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. ఎండలో నేల దగ్గరి గాలి వేడెక్కి ధ్వనిని పైకి వంచుతుంది. రాత్రి నేల చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటే ధ్వని కిందికి వంగి దూరం పోతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు రాత్రి పది దాటాక మైకులు వద్దంటాయి. ఏడాదిలో 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలు రాష్ట్ర ప్రభుత్వాలకు ఉంది. మాకు మాత్రం సరిగ్గా ఊపు వచ్చేటప్పటికే పది కొట్టేస్తుంది.

చెవి లోపల ధ్వనిని పట్టే రోమకణాలు ఒక్కో పక్క 15 వేల పైచిలుకు. పుట్టుకతో వచ్చినవే, చస్తే మళ్లీ మొలవవు. 85 డెసిబెళ్లు ఎనిమిది గంటలు ఓర్చుకునే చెవి, 100 డెసిబెళ్లయితే పావుగంటే ఓరుస్తుందని నిపుణుల లెక్క. ఇవన్నీ తెలిసీ బాక్సుల ముందే నిలబడ్డాం.

రాత్రి కాజీపేట ప్లాట్‌ఫాం మీద చెవుల్లో ఇంకా గుయ్‌మంటూనే ఉంది. “బండి ఎప్పుడురా?” అని ఒకడు అరిచాడు. “తిన్నాన్రా, మిర్చిబజ్జీ!” అని ఇంకొకడు అంతకంటే గట్టిగా అరిచాడు. చాయ్ అమ్మే ఆయన మేం కొట్టుకోబోతున్నాం అనుకున్నాడేమో, కేటిల్ పక్కన పెట్టి మా మధ్యలోకి వచ్చాడు. “ఏమైంది బిడ్డా, పైసల లొల్లా?”